మగవాళ్ళకూ సఖి లాంటి కేంద్రం కావాలా?

కాలవగట్టు:
మాది రాజోలు వైపు. మాకు తెలిసిన పంతొమ్మిదేళ్ళ కుర్రాడు రొయ్యల చెరువు కాపలాకి వెళ్తాడు. కిందటి వారం రాత్రి షెడ్డులో ఇద్దరు వాడిమీద అఘాయిత్యం చేశారు. ఎవరికీ చెప్పుకోలేక నాలుగోరోజు జ్వరమని ఆసుపత్రికి వెళ్ళాడు. ధైర్యం చేసి అసలు సంగతి చెబితే, "మగాడివి, ఎలా ఊరుకున్నావురా" అన్నారట. మందులు కూడా తీసుకోకుండా వచ్చేశాడు. హింసకు గురైన ఆడవాళ్ళకు వైద్యం, పోలీసు, న్యాయ సాయం ఒకేచోట అందించే సఖి కేంద్రాలున్నాయి కదా, మగవాళ్ళకూ ఒకటి ఉండాలంటాను. మీరేమంటారు?

లంకరైతు:
ఏమీ అనుకోకండి. మా లంకల్లో ఆడపిల్లకి కష్టమొస్తేనే పంటు ఎక్కి గోదావరి దాటి లేడీ డాక్టరును వెతుక్కోవాలి. ఉన్న డబ్బు ముందు వాళ్ళకి పెట్టాలి. అయినా ఎంతమంది మగాళ్ళొస్తారండీ?

సిస్టరమ్మ (రిటైర్డ్ స్టాఫ్ నర్సు):
2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ అధ్యయనంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లల్లో 52.94 శాతం మగపిల్లలేనండి. పెద్దయ్యాక మాత్రం వాళ్ళు నోరు విప్పుతారా? మొలలని చెప్పి వస్తారు, మనం అడగం, ఆయింట్‌మెంట్ తీసుకుని పోతారు.

కానీ కాలవగట్టు గారూ, బోర్డు కట్టిన కేంద్రమైతే మన ఊళ్ళ మగాడెవడూ గడప తొక్కడు. మర్నాటికి కాకా హోటల్లో అదే కబురు! క్యాజువాలిటీలోనే ఒక తెర, వెటకారం లేకుండా అడిగే మనిషి ఉంటే చాలు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. మీ కుర్రాడికి ఆ గడువు దాటింది. హెపటైటిస్ బీ టీకా, సుఖవ్యాధుల పరీక్షలు, లోపల చిరిగిందేమో చూడటం మాత్రం ఇప్పటికీ చేయించాలి. ఇంకోటి, భయంలోనూ ఒళ్ళు తన పని తాను చేస్తుంది. అంగం గట్టిపడితే ఇష్టపడ్డట్టు కాదు. ఇది డాక్టరు నోటితో వాడికి చెప్పించాలి, లేకపోతే జీవితాంతం తనను తానే తిట్టుకుంటాడు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లో మగవాళ్ళూ, ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు. చదివినవాళ్ళే లేరు.

నల్లకోటు:
సిస్టర్ గారూ, చిక్కు చట్టంలో ఉంది. 18 ఏళ్ళలోపు మగపిల్లాడైతే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో వర్తిస్తుంది, ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చూడాల్సిందే. పెద్దవాడైతే? మగవాళ్ళ మీద జరిగే బలవంతానికీ వర్తించిన ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 377 సెక్షన్ 2024 జులై 1తో పోయింది. ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం అంటే బాధితురాలు స్త్రీయే. కొట్టడం, నిర్బంధించడం లాంటి సెక్షన్లే మనకు మిగిలాయి.

లంకరైతు:
సరైన కేసే లేనప్పుడు ఆసుపత్రికెళ్ళి అల్లరవడం దేనికి?

సిస్టరమ్మ:
కట్లపాము కరిస్తే పాము మీద కేసు పెట్టాకే ఆసుపత్రికొస్తారా అండీ?

లంకరైతు:
ఆయ్, ఆ మాట నిజమే. వేరే కేంద్రం మాత్రం వద్దనే అంటాను.

కాలవగట్టు:
కేంద్రం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రేపు వాణ్ణి తీసుకెళ్తున్నా. ఓపీ చీటీ దగ్గర ఏం చెప్పాలి సిస్టర్ గారూ?

సిస్టరమ్మ:
అక్కడేమీ చెప్పక్కర్లేదు బాబూ. రక్తపరీక్ష అని ఐసీటీసీకి, అంటే ఆసుపత్రిలోని హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి తీసుకెళ్ళండి. మిగతాది లోపల కౌన్సెలర్‌తో వాడే చెప్పుకుంటాడు, మీరు బయట కూర్చోండి. మూడు నెలలకి మళ్ళీ పరీక్ష, తేదీ రాసుకోండి. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చెయ్యమనండి, తెలుగులోనే మాట్లాడతారు.