ఇంగ్లీషు సాహిత్య పదాలను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో గౌతమీ పాయ ఒడ్డున ఉన్న ఒక పల్లెటూరు. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సిమిలీ (ఉపమ), మెటఫర్ (రూపకం), థీమ్ (రచనలోని మూలభావం), టోన్, ఇన్ఫరెన్స్ వంటి పదాల నిర్వచనాలను నోటుపుస్తకంలో గుండ్రని అక్షరాలతో పదేసిసార్లు రాసి గడగడా అప్పజెబుతుంది గాని, కొత్త పద్యం ముందుపెట్టి అందులో సిమిలీ ఎక్కడుందో చూపమంటే పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోతుంది.

తెలుగు వాచకంలోని అలంకారాల సాయంతో చెప్పి చూశాను. ఉపమాలంకారంలోని ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అనే 4 అంగాలు తనకు ముందే తెలుసు కనుక, మన 'వలె', 'లాగా' ఉండే చోట ఇంగ్లీషులో 'లైక్', 'యాజ్' వస్తాయనగానే సిమిలీ పట్టుబడింది. 'వరద గోదారి కోడెగిత్తలా ఉరుకుతోంది' అంటే సిమిలీ అనీ, 'వరద గోదారి ఒక కోడెగిత్త' అంటే మెటఫర్ అనీ తనే చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే మర్నాడే 'ఐ లైక్ మ్యాంగోస్' అన్న వాక్యం కింద కూడా సిమిలీ అని గీత గీసింది. పోలిక ఉందో లేదో ముందు చూడమని సరిదిద్దాను.

అసలు చిక్కు టోన్, మూడ్ దగ్గర వచ్చింది. రచయిత వైఖరి టోన్ అనీ, చదివేవారి మనసులో కలిగే భావం మూడ్ అనీ చెబుతున్నాను గాని, రెండింటినీ విడదీసి చూపే చిన్న ఉదాహరణ నాకు దొరకడం లేదు. మూడ్‌ను మన కావ్యాల్లోని కరుణ, హాస్యం వంటి రసంతో పోల్చి చెప్పవచ్చునా, లేక ఆ పోలిక పిల్లను తప్పుదారి పట్టిస్తుందా? అలాగే, పాఠంలో నేరుగా చెప్పని విషయాన్ని ఆధారాలను బట్టి గ్రహించే ఇన్ఫరెన్స్‌ను ఇంట్లో ఎలా సాధన చేయించాలో ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులు దయచేసి తెలియజేయగలరు.