చోడి (రాగి) అంబలి తాగినా షుగర్ పెరుగుతోంది, కడుపూ నిండట్లేదు: ఏం వండాలి?

ప్రశ్న (రాజాం నుంచి):
నాన్నగారికి 61 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. అన్నం మానిపించి పొద్దున్న రెండు పెద్ద గ్లాసుల చోడి అంబలి ఇస్తున్నాం. అయినా రెండు గంటల తర్వాత 240 చూపిస్తోంది. పదకొండింటికే ఆకలంటున్నారు. మధ్యాహ్నం కొర్రన్నం వండితే ముద్దకట్టేస్తోంది. ఏం మార్చాలి?

జవాబు (బొబ్బిలి):
చోళ్లలోనూ పిండిపదార్థం ఎక్కువేనండి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములుంటే చోళ్లలో 67. పీచు ఎక్కువన్నది నిజమే, కానీ మెత్తటి పిండిని పల్చగా కాస్తే తొందరగా అరిగిపోతుంది. అందుకే షుగర్ లేస్తుంది, వెంటనే ఆకలీ వేస్తుంది. అంబలి ఆపి, ఉలవలు కలిపి గట్టి ముద్ద చేయండి.

ఒకరికి 30 గ్రాముల ఉలవలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్లు పోసి ఆరేడు విజిల్స్ రానివ్వండి. ఉడికిన నీళ్లు వంచి ఉంచండి. ఉలవల్ని కచ్చాపచ్చాగా నూరండి, మరీ మెత్తన వద్దు. ఆ నీళ్లలోంచి 150 మి.లీ. తీసి ఉప్పు వేసి మరిగించి, 40 గ్రాముల చోడిపిండి మధ్యలో కుప్పగా పోయండి. కలపకుండా మూతపెట్టి, సన్నసెగ మీద నాలుగు నిమిషాలు ఉంచాక, కర్రతో గట్టిగా తిప్పి ఉలవలు కలపండి. పోసిన వెంటనే కలిపితే ఉండలు కడుతుంది, ముందే దింపేస్తే లోపల పచ్చివాసన పోదు. మిగిలిన నీళ్లతో ఉలవచారు పెట్టుకోవచ్చు.

కొర్రలు ఆరు గంటలు నానాలి. నానిన నీళ్లు పూర్తిగా వంపేసి, గ్లాసుకి రెండు గ్లాసుల చొప్పున నీళ్లు పోయండి. నానబెట్టినా మూడు గ్లాసులు పోస్తేనే ముద్దవుతుంది. దింపాక పది నిమిషాలు మూత తీయకండి. ఒక పూటకి వండకముందు తూచిన 50 గ్రాముల కొర్రలు చాలు. చిరుధాన్యమే కదా అని కంచం నిండా పెడితే ఫలితం ఉండదు.

జవాబు (విజయనగరం):
కడుపు నింపాల్సింది కూర. ఆనపకాయ, బీర, తోటకూర, అరటిపువ్వు ఏదైనా కంచంలో సగం ఉండాలి. పావు వంతు పప్పు గానీ చేప గానీ గుడ్డు గానీ, మిగిలిన పావు అన్నం. ముందు కూర, పప్పు తిని, అన్నం చివర్లో తింటే షుగర్ అంత వేగంగా పెరగదు.

బెల్లం సంగతి కూడా చూడండి. మన వైపు పులుసులోనూ, ఆవ పెట్టిన కూరలోనూ ముక్క వేయకపోతే తోచదు. 10 గ్రాముల బెల్లంలో 8 గ్రాములకు పైగా చక్కెరే. పులుసులో చింతపండు తగ్గిస్తే బెల్లం అక్కర్లేదు, ఆవలో కాస్త పచ్చిమిర్చి, కొత్తిమీర పెంచితే లోటు తెలియదు.

ప్రశ్న వేసినవారు:
రాత్రికి ఇదే పెట్టొచ్చాండి? మందులు తగ్గించుకోవచ్చా?

జవాబు (పలాస):
రాత్రికి పెసరట్టు నయం. పొట్టు పెసలు నానబెట్టి బియ్యం కలపకుండా రుబ్బండి, రెండట్లు చాలు. చట్నీ కొబ్బరిది కాకుండా దోసకాయదో, వంకాయదో చేయండి.

మందులు మీరు తగ్గించకండి. గ్లిమిపిరైడ్ వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గాబరా వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. మార్పు మొదలెట్టే ముందే డాక్టరుగారికి చెబితే మోతాదు సరిచేస్తారు. తిండి మార్చాక, భోజనం మొదలెట్టిన రెండు గంటలకి షుగర్ చూసి రాసిపెట్టండి. మామూలుగా 180 లోపు ఉండాలంటారు.

ముఖ్యంగా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించారా? మన పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో తెలిసిందే, షుగర్ తోడైతే ఇంకా ప్రమాదం. క్రియాటినిన్ ఎక్కువుంటే ఉలవలు, పప్పులు, ఆకుకూరలు ఇంత మోతాదులో పనికిరావు. మాంసకృత్తులు, పొటాషియం ఎంత ఉండాలో డాక్టరుగారే చెప్పాలి. ఆ రిపోర్టు వచ్చాకే ఉలవముద్ద మొదలెట్టండి.