“కుమారుని ద్వారా”నా, “కుమారునియందు”నా?

గుంటూరు సభ్యుడు:
మా నాయనమ్మ రాత్రి కుటుంబ ప్రార్థనలో హెబ్రీయులకు వ్రాసిన పత్రిక మొదటి మాటలను పుస్తకం చూడకుండానే చెప్పేది. “పూర్వకాలమందు నానాసమయములలోను నానావిధములుగాను” అని ఒక్క ఊపిరిలో సాగి, “ఈ దినముల అంతమందు” దగ్గర ఆగి, తరువాతి మాటను గొంతు తగ్గించి పలికేది. నా చెవిలో నిలిచినది “కుమారునియందు మనతో మాటలాడెను” అనే పాఠం. నిన్న ఆమె బైబిలు తీసి చూస్తే “కుమారుని ద్వారా” అని ఉంది. ఆ మాట కింద పెన్సిలు గీత, అంచున ఆమె చేతిరాతలో “యందు” అని చిన్న అక్షరాలు ఉన్నాయి. ఈ పాఠం ఏ పాత ముద్రణలోనైనా ఉన్నదా, లేక ఆమె ఏ ప్రసంగంలోనో విని రాసుకున్నదా?

భీమవరం, విశ్రాంత పాదిరి:
నా దగ్గరున్న ప్రతులన్నిటిలోను “ద్వారా”యే ఉంది. అయితే మూలంలో ఉన్న గ్రీకు మాట “ఎన్”, అంటే “లో, యందు”. “ప్రవక్తలద్వారా మన పితరులతో మాటలాడిన దేవుడు” అన్న ముందు మాటలోనూ అదే, కుమారుని దగ్గరా అదే. ఆ వెంటనే వచ్చే “ఆయన ద్వారా ప్రపంచములను నిర్మించెను” అన్నచోట మాత్రం “దియా”, అంటే “గుండా”, ఉంది. తెలుగులో ఈ రెండూ ఒకే “ద్వారా”లో కలిసిపోయాయి. “ఈయనయందు నేనానందించుచున్నాను” అని బాప్తిస్మపు వేళ వినవచ్చిన మాటలో అదే “ఎన్”కు “యందు” వాడారు కదా. మీ నాయనమ్మగారు రాసుకున్నది పాఠాంతరం కాకపోయినా, తప్పు మాత్రం కాదు.

హైదరాబాదు, తెలుగు ఉపాధ్యాయుడు:
అయ్యగారూ, “ఎన్” కనబడినచోటనల్లా “యందు” పెట్టడం తొందరపాటు అవుతుందని నా మనవి. ఆ పత్రిక వెనుక హీబ్రూ నుడికారం ఉంది, అందులో “బె” అనే ఉపసర్గ స్థానాన్నీ చెబుతుంది, సాధనాన్నీ చెబుతుంది. మాటలాడడానికి కావలసినది కరణం, అంటే సాధనం; అధికరణం, అంటే ఉండే చోటు, కాదు. “ప్రవక్తలయందు మాటలాడిన” అంటే తెలుగు చెవి దానిని “ప్రవక్తల విషయంలో” అని వినే ప్రమాదం ఉంది. పోనీ బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిగారి తృతీయా విభక్తి ప్రకారం “కుమారునిచేత మాటలాడెను” అందామా అంటే, దేవుడు కుమారునిచేత పలికించాడన్నట్టు వినబడుతుంది. ఇక మిగిలినది “ద్వారా” ఒక్కటే.

తెనాలి సభ్యురాలు:
మాస్టారూ, ఆ “ద్వారా”ను మీరు వట్టి సాధనంగా చూస్తున్నారు. అది సంస్కృతంలో “ద్వార్” శబ్దానికి తృతీయైకవచనం, అంటే “వాకిటి గుండా” అని. యోహాను సువార్త పదవ అధ్యాయం తెరవండి: “నేనే ద్వారమును, నా ద్వారా ఎవడైన లోపల ప్రవేశించినయెడల”. గ్రీకులో ఆ రెండు మాటలకు ఏ పోలికా లేదు, మన తెలుగులో మాత్రం పక్కపక్కన ఒకే ధాతువుగా మోగుతాయి. “నా గొఱ్ఱెలు నా స్వరము వినును” అన్నదీ ఆ అధ్యాయంలోనే. స్వరం ఆ వాకిటి గుండానే వస్తుందని నేను చదువుకుంటాను.

అయినా నా మనసు “యందు” వైపే మొగ్గుతుంది, అందుకు కారణం జాషువాగారు. ఆయన “గబ్బిలం” కావ్యంలో ఆ అభాగ్యుడు తన గోడును గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి పంపుకుంటాడు. అక్కడ దుఃఖం ఒకరిది, మోసుకుపోయేది మరొకరు, కనుక “ద్వారా” సరిగ్గా అతుకుతుంది. 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన కావ్యానికి ఆయన “క్రీస్తు చరిత్ర” అని పేరు పెట్టారు, బోధ అని పెట్టలేదు. కుష్ఠరోగిని ముట్టుకున్న చేయి, శిష్యుల పాదాలు కడిగిన పళ్లెంలోని నీళ్లు, ఇవన్నీ దేవుని మాటలే అయితే, కుమారుడు వార్త తెచ్చినవాడు మాత్రమే ఎలా అవుతాడు?

హైదరాబాదు, తెలుగు ఉపాధ్యాయుడు:
అమ్మా, గబ్బిలం పోలిక బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రవక్తలకూ కుమారునికీ మూలంలో ఒకే ప్రత్యయం ఉన్నదని అయ్యగారే అన్నారు. అటువంటప్పుడు మీరు చూపే భేదం ప్రత్యయంలో లేదు, “కుమారుడు” అనే నామంలోనే ఉంది. మూలకర్త కోరుకున్న భేదమూ అదేనేమో.

భీమవరం, విశ్రాంత పాదిరి:
మాస్టారి మాటలో బలముంది. హెబ్రీ పత్రికలోని ఆ మాట దగ్గర గ్రీకులో “కుమారుడు”కు ఉపపదం (ఇంగ్లీషు “the” వంటిది) కూడా లేదు. “కుమారుడైన ఒకనియందు” అన్నట్టుగా ఉంటుంది. స్వరం సంగతి వచ్చింది కనుక ఒకటి చెబుతాను. యోహాను పన్నెండవ అధ్యాయంలో ఆకాశం నుండి వచ్చినదానిని మనవారు “శబ్దము” అన్నారు, కాపరిది మాత్రం “స్వరము”. మూలంలో రెండూ “ఫోనే” అనే ఒకే గ్రీకు మాట. ఆ శబ్దాన్ని విన్న జనం ఉరిమిందని అన్నారు. కాపరి గొంతును ఉరుము అనుకున్నవారు ఎవరూ లేరు.

గుంటూరు సభ్యుడు:
మీ అందరి మాటలు చదివాక పుస్తకం మళ్లీ తిరగేశాను. యోహాను పదునాలుగవ అధ్యాయం పదవ వచనం దగ్గర అదే పెన్సిలు గీత ఉంది: “తండ్రి నాయందు నివసించుచు తన క్రియలు చేయుచున్నాడు”. గీత “నాయందు” కింద సన్నగా మొదలై “క్రియలు” కింద కాగితం చిరిగేంత గట్టిగా పడింది. ఆ వచనంలోనే అంతకు ముందున్న “మాటలు” కింద ఏమీ లేదు.

హైదరాబాదు, తెలుగు ఉపాధ్యాయుడు:
ఆ ప్రతి ముద్రణ సంవత్సరం చెప్పగలరా? దానిని బట్టి ఆమె అంతకు ముందు ఏ పాఠం విని ఉంటారో ఊహించవచ్చు.

గుంటూరు సభ్యుడు:
మొదటి పుటలు ఊడిపోయాయి మాస్టారూ. ఆదికాండము మూడవ అధ్యాయం నుండే ఉంది.