సంక్రాంతి సెలవులకు చంటిబిడ్డతో గుల్‌మార్గ్ వెళ్లవచ్చా?

నెల్లూరు తల్లి:
మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి 4 ఏళ్లు నిండాయి, పిల్లవాడికి సంక్రాంతి నాటికి 14 నెలలు వస్తాయి. మావారు పెళ్లికి ముందు మనాలి దగ్గరి సోలంగ్ లోయలో వారం రోజులు స్కీయింగ్ నేర్చుకున్నారు. అప్పటి నుంచి, తనకు పిల్లలు పుడితే వాళ్లను మంచులో ఆడించాలని, కాళ్లకు స్కీలు తొడిగి తానే దగ్గరుండి నడిపించాలని ఆయన కోరిక. పండుగకు వారం రోజుల సెలవు దొరుకుతుంది కనుక, తెల్లవారకముందే నెల్లూరులో కారెక్కి చెన్నై చేరి, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీ మీదుగా శ్రీనగర్ వెళ్లి, అదే రాత్రికి కాశ్మీరు మంచు కొండల్లోని గుల్‌మార్గ్‌లో ఉండేటట్లు ఏర్పాటు చేస్తున్నారు. అత్తమామలు కూడా వస్తామన్నారు. మామగారికి 66 ఏళ్లు, బీపీ మాత్రలు వేసుకుంటారు. మేమిద్దరం మంచు వాలు మీద ఉన్నంతసేపు పిల్లవాడిని వాళ్లు చూసుకుంటారని మా ఆలోచన.

జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగితేనే పిల్లలకు మంకీ క్యాపులు పెట్టే ఊరు మాది. అక్కడ రాత్రిళ్లు సున్నాకు 10 డిగ్రీలు దిగువకు పోతుందట. మంచు దేశాల్లో పిల్లలు పెరగడం లేదా అని కొందరు ధైర్యం చెబుతున్నారు. మీ సరదాకు పసివాళ్లను బలి పెడతారా అని మరికొందరు మందలిస్తున్నారు. రెండు మాటలూ విన్న తరువాత నాకు నిద్ర పట్టడం లేదు. టికెట్లు ఇంకా కొనలేదు. వెళ్లి వచ్చినవాళ్లు, పిల్లల ఆరోగ్యం గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

కందుకూరు తండ్రి:
తప్పకుండా వెళ్లండమ్మా. రెండేళ్ల క్రితం జనవరిలోనే మేము 20 నెలల మా బాబుతో గుల్‌మార్గ్‌లో నాలుగు రోజులున్నాము. వాడిని సంచీలో నా రొమ్ముకు కట్టుకుని గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) మొదటి దశలో కోంగ్‌డోరీ వరకు తీసుకువెళ్లాను. స్లెడ్జ్ బండి మీద కూర్చోబెట్టి లాగితే వాడు నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఒక రాత్రి కరెంటు పోయి హీటర్ ఆగిపోతే, మేము దిగిన లాడ్జి వాళ్లు గదిలోకి బొగ్గుల కుంపటి తెచ్చి పెట్టారు. తలుపులు బిగించుకుని పడుకున్నాము, పిల్లవాడు తెల్లవార్లూ కదలకుండా నిద్రపోయాడు. బడిలో చేరిన తరువాత వాళ్లకు తీరిక ఉండదు, మనకు ఓపిక ఉండదు. భయం పెద్దవాళ్లదే కాని పిల్లలది కాదు.

ఒంగోలు నర్సు:
పిల్లల వార్డులో 17 ఏళ్లుగా పని చేస్తున్నాను. కందుకూరు సోదరుడికి మొదటగా ఒక మాట చెప్పాలి. మూసిన గదిలో నిప్పులు పెట్టుకుని మీరు నిద్రపోయిన ఆ రాత్రి, మీ ముగ్గురూ మేలుకోవడం మీ అదృష్టం. బొగ్గులు కాలేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమించుకుంటుంది. ఊపిరి వేగంగా తీసుకునే చంటిపిల్లలకు పెద్దవాళ్లకన్నా త్వరగా ఎక్కుతుంది. తెల్లవార్లూ బిడ్డ కదలకుండా పడుకున్నాడని మీరు సంతోషంగా రాసిన మాట చదివి నాకు గుండె జారిపోయింది. కుంపటి అయినా, కాశ్మీరులో చేతిలో పట్టుకునే నిప్పుల కుండ కాంగ్రీ అయినా, పడుకునే గదిలో వద్దు. బుఖారీ పొయ్యి ఉన్న గది ఇస్తే దాని పొగగొట్టం బయటికి సరిగా పోతున్నదో లేదో చూసుకుని, పడుకునే ముందు ఆర్పించాలి. దుప్పట్లు ఎక్కువ అడగండి, కిటికీ సందు కొంచెం తెరిచి ఉంచండి, జనరేటర్ ఉన్న చోటే దిగండి.

ఇక నెల్లూరు చెల్లెమ్మ అడిగిన విషయం. అందరూ చలి గురించే మాట్లాడుతున్నారు, నన్ను అంతకన్నా ఎక్కువ భయపెట్టేది ఎత్తు. మనం సముద్రమట్టానికి దాదాపు సమానంగా బతుకుతున్నవాళ్లం. గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా మొదటి దశ 3,000 మీటర్లు దాటుతుంది, రెండవ దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దగ్గర దింపుతుంది. 2,500 మీటర్లు దాటిన చోట ఒక్కసారిగా వెళ్లి పడుకుంటే, గాలిలో తగ్గిన ఆక్సిజన్‌కు శరీరం అలవాటు పడేలోగా తలనొప్పి, వికారం, నిద్రలేమి రావచ్చు. మీ పథకం ప్రకారం తెల్లవారుజామున నెల్లూరులో లేచిన బిడ్డ రాత్రికి అక్కడ పడుకుంటాడు. పెద్దవాళ్లయితే తల పగిలిపోతోందని చెబుతారు. 14 నెలల పిల్లవాడు పాలు తాగడు, ఆడడు, చంక దిగడు, కారణం లేకుండా ఏడుస్తాడు, ఒకటి రెండుసార్లు కక్కుతాడు. ప్రయాణపు బడలిక కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది కాబట్టి తల్లిదండ్రులు మోసపోతారు. అక్కడికి వెళ్లిన మొదటి రెండు రోజుల్లో ఈ లక్షణాలు కనిపిస్తే ఎత్తు వల్లనే అనుకుని కిందికి దిగిపోవాలి, అసలు మందు అదే. రాత్రిపూట, మంచు గడ్డకట్టిన ఘాట్ రోడ్డు మీద, టైర్లకు గొలుసులు కట్టిన బండి కోసం వెతుక్కుంటూ దిగడం ఎలా ఉంటుందో ముందే ఊహించుకోండి.

జలుబు సంగతి మరీ ముఖ్యం. జలుబుతో, కఫంతో ఉన్న పసివాడిని ఎత్తుకు తీసుకువెళ్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం మామూలు కన్నా ఎక్కువ. చలికాలమంతా మా వార్డుకు డొక్కలెగరవేస్తూ వచ్చే రెండేళ్ల లోపు పిల్లలను చూస్తున్నాను. ఆ స్థితి మా ఆసుపత్రి గుమ్మంలో వస్తేనే కష్టంగా ఉంటుంది. నెలలు నిండక పుట్టి ఊపిరితిత్తుల ఇబ్బంది పడిన పిల్లలు, గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు అయితే అసలు వెళ్లకూడదు. మీ బిడ్డకు అలాంటివి లేవని పిల్లల డాక్టరు చేత పరీక్ష చేయించి నిర్ధారించుకోండి.

చలి గురించి ఒక్కటే చెబుతాను. బరువుతో పోలిస్తే పసివాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. రొమ్ముకు కట్టుకున్న తండ్రి నడుస్తాడు కనుక ఆయనకు చెమట పడుతుంది, బిడ్డ మాత్రం కదలకుండా వేలాడుతూ చల్లబడతాడు. తనకు వెచ్చగా ఉంది కనుక బిడ్డకూ వెచ్చగానే ఉంటుందని తండ్రి అనుకుంటాడు. గంటకోసారైనా లోపలికి వెళ్లి, మెడ వెనుక చెయ్యి పెట్టి చూడాలి, పాదాలు విప్పి చూడాలి.

కందుకూరు తండ్రి:
కుంపటి విషయంలో నాది ముమ్మాటికీ తప్పే. ఆ మాట చదివిన తరువాత మా ఆవిడకు చూపించాను, ఇద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాము. అయితే మిగతా దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. లడఖ్‌లోని లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ పిల్లలు పుట్టి పెరగడం లేదా? గుల్‌మార్గ్ దారిలో ప్రతి ఊళ్లోనూ తల్లుల చంకల్లో పసివాళ్లు కనిపించారు. ప్రతిదానికీ భయపడితే మన జిల్లాల పిల్లలు పులికాట్ పక్షులు, మైపాడు అలలు తప్ప మరేమీ చూడకుండా పెరుగుతారు.

కావలి పెద్దమ్మ:
అమ్మాయీ, మీ మామగారి గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంది. 66 ఏళ్ల వయసులో బీపీ ఉన్న మనిషిని ఒక్క పూటలో అంత ఎత్తుకు తీసుకువెళ్లి, మీరు మంచులో ఉన్నప్పుడు బిడ్డను అప్పగించాలనుకుంటున్నారు. ఆయనకే ఆయాసం వస్తే అత్తగారు ఎవరిని పట్టుకుంటుంది, ఆయననా, బిడ్డనా? నేను నలుగురు మనవలను పెంచాను. పాకే పిల్లవాడిని తెలియని గదిలో, హీటర్ వేడి తగలకుండా, తలుపు తీసుకుని బయటికి పోకుండా నాలుగు గంటలు కాపాడడం చిన్న పని కాదు. తాతా నాయనమ్మలు ప్రేమకొద్దీ వస్తామంటారు, కాదనే బాధ్యత మీది.

ఇంకొకటి. భోగినాడు పిల్లల నెత్తిన రేగుపళ్లు, చెరకు ముక్కలు, చిల్లర పోసి దిష్టి తీసే వయసు అయిదేళ్లలోపే. మీ పిల్లలిద్దరికీ కలిపి ఆ ముచ్చట జరిగే ఏడాది ఇదీ, మహా అయితే మరొకటీ. మంచు ఎక్కడికీ పోదు. అంతగా కోరిక ఉంటే తండ్రి పెద్దపిల్లను తీసుకుని వెళ్లి రావాలి, చిన్నవాడు తల్లి దగ్గర ఇంట్లో ఉండాలి.

సింగరాయకొండ నుంచి మ్యూనిక్:
పదకొండేళ్లుగా ఇక్కడ జర్మనీలో ఉంటున్నాను, ఇద్దరు పిల్లలకూ ఆల్ప్స్‌లోనే స్కీయింగ్ నేర్పించాను. మంచు దేశాల్లో పిల్లలు పెరగడం లేదా అనే ప్రశ్నకు నేను చూసినది చెబుతాను. మా దగ్గరి గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ పట్టణం సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. పసిపిల్లలున్న కుటుంబాలు ఇలాంటి దిగువ ఊళ్లలో దిగి, పగలు కొంత ఎత్తుకు వెళ్లి, సాయంత్రానికి దిగి వస్తాయి. నర్సుగారు చెప్పిన ఇబ్బంది ఇక్కడ దాదాపు లేనట్లే. అందువల్ల ఇక్కడి ధైర్యాన్ని గుల్‌మార్గ్‌కు అలాగే మోసుకుపోకూడదు.

వయసు విషయానికి వస్తే, ఇక్కడి స్కీ బడుల్లో ఎక్కువ భాగం 3 లేదా 4 ఏళ్లు నిండిన పిల్లలనే చేర్చుకుంటాయి. నేల మీద మెల్లగా కదిలే పట్టీ మీద నిలబడి పైకి వెళ్లడం, స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి వేగం తగ్గించడం, ఆగడం, పడితే లేవడం, ఇదే మొదటి వారం చదువంతా. మా పెద్దమ్మాయికి రెండున్నర ఏళ్లప్పుడే తొందరపడి స్కీలు తొడిగించాను. గట్టి బూటులో మడమ కదలక పది నిమిషాలకే ఏడ్చింది, ఆ తరువాత ఏడాదిన్నర వరకు ఆ బూట్లు చూస్తేనే దాక్కునేది. 4 ఏళ్లు దాటాక మళ్లీ మొదలుపెడితే మూడు రోజుల్లో తానే వాలు దిగింది. కాబట్టి నెల్లూరు అమ్మాయికి ఇది సరైన వయసే, రోజుకు గంటన్నర మించకుండా, ఆకలి వేయకముందే ఆపేయాలి. హెల్మెట్ లేకుండా మాత్రం వద్దు. ఇటలీలో 14 ఏళ్లలోపు పిల్లలకు 2005 నుంచే దాన్ని చట్టం తప్పనిసరి చేసింది. చిన్న తలకు సరిపడే హెల్మెట్ ఇంటి నుంచే తీసుకువెళ్లండి, అక్కడ అద్దెకు దొరుకుతుందని నమ్ముకోకండి.

మన ఊళ్లలో బట్టల దగ్గర జరిగే పొరపాటు, లోపల నూలు బనీను వేసి పైన మూడు స్వెటర్లు తొడగడం. నూలు చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడే పిల్లవాడిని వణికిస్తుంది. ఒంటికి తగిలేది ఉన్ని లేదా థర్మల్స్, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి నూగు బట్ట, అన్నిటికన్నా పైన నీరు, గాలి చొరబడని కోటు. తాజా మంచు సూర్యుడి అతినీలలోహిత కిరణాలలో 80 శాతం వరకు తిరిగి ముఖం మీదికి కొడుతుంది, 1,000 మీటర్లు ఎక్కిన కొద్దీ ఆ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. మబ్బు ఉన్నా పిల్లల కళ్లకు అద్దాలు పెట్టాలి. అలవాటు లేకపోతే పీకి పారేస్తారు, ఇంట్లోనే నెల ముందు నుంచి పెట్టించండి. హైదరాబాద్ స్నో వరల్డ్ లాంటి కృత్రిమ మంచు పార్కులో సున్నాకు దిగువన ఒక గంట గడిపితే బట్టలు ఎక్కడ చాలడం లేదో, పాప చలికి ఎలా ఉంటుందో తెలుస్తుంది.

నాకు అర్థం కాని విషయం ఒకటుంది. ఎల్‌కేజీ పాపకూ, 14 నెలల బాబుకూ సంక్రాంతి సెలవులతో పనేముంది? కాశ్మీరువాళ్లు చిల్లా కలాన్ అని పిలిచే గడ్డు చలి 40 రోజులు, డిసెంబరు 21న మొదలై జనవరి నెలాఖరు దాకా ఉంటుంది. సరిగ్గా దాని మధ్యలో సంక్రాంతి వస్తుంది. మార్చి మొదటి వారాల్లో గుల్‌మార్గ్‌లో మంచు మామూలుగా ఇంకా ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది.

ఒంగోలు నర్సు:
మార్చి మాట బాగుంది, కాని నెల మారితే చలి తగ్గుతుంది తప్ప కొండ ఎత్తు తగ్గదు. లేహ్ పిల్లల గురించి అడిగిన సోదరుడికి కూడా ఇదే జవాబు. వాళ్లు తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ గాలికి అలవాటు పడ్డవాళ్లు, మన బిడ్డకు మనం ఇచ్చేది పన్నెండు గంటలు. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రెండు రాత్రులు ఉండి, బిడ్డ మామూలుగా తిని ఆడుతున్నాడని చూసుకున్నాకే పైకి వెళ్లండి. గుల్‌మార్గ్‌కు 13 కిలోమీటర్ల ముందు వచ్చే టాంగ్‌మార్గ్ దాదాపు 500 మీటర్లు దిగువన ఉంటుంది. పగలు పైన ఆడుకుని రాత్రి అక్కడ పడుకుంటే నా భయం చాలావరకు తగ్గుతుంది.

నెల్లూరు తల్లి:
మీరు రాసినవన్నీ మావారికి చదివి వినిపించాను. రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. మూడవ రోజు తానే కూర్చుని కొత్త కాగితం రాశారు. సంక్రాంతి ఇంట్లోనే, ఇద్దరికీ భోగిపళ్లు పోస్తాము. మార్చి మొదటి వారంలో పది రోజుల ప్రయాణం. అత్తమామలు రావడం లేదు. శ్రీనగర్‌లో రెండు రాత్రులు, ఆ తరువాత టాంగ్‌మార్గ్‌లో బస. మంచు వాలు మీద ఒక సమయంలో ఒక్కరే ఉంటాము, రెండవవారు బాబుతో వెచ్చని గదిలో ఉంటారు. బాబును గొండోలా ఎక్కించము. బయలుదేరే ముందు వారంలో మా ఊరి పొగతోట వీధిలో పిల్లల డాక్టరుకు చూపిస్తాము, జలుబు ఉంటే నేనూ బాబూ ఆగిపోతాము, తండ్రీ కూతుళ్లు వెళ్తారు. ఆ చివరి షరతుకు మావారు ఇంకా సరేననలేదు, అందరం కలిసి వెళ్తేనే వెళ్లినట్లని ఆయన అంటున్నారు. నేను మాత్రం దాన్ని మార్చుకోను.

కావలి పెద్దమ్మ:
బాబును తీసుకువెళ్లడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అయినా ఆ షరతు గట్టిగా పట్టుకో అమ్మా.

కందుకూరు తండ్రి:
తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. మంచు పడినా, పొగమంచు కమ్మినా శ్రీనగర్ విమానాలు రద్దవుతాయి. మాకు అలాగే అయి, బాబు పాలపొడి అయిపోతే ఆ ఊళ్లో మూడు దుకాణాలు తిరిగాను. లెక్కకు మించి రెండు డబ్బాలు చేతి సంచీలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో కాదు.