ఓబీ కాంట్రాక్టులో ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? షిఫ్టులో ఏం చూడాలి? (ఫోరం చర్చ; ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

రెండో షిఫ్టు

అందరికీ నమస్తే. ఓపెన్‌కాస్టు గనిలో ఓబీ (బొగ్గు మీదున్న మట్టి, రాయి) తీసే పని మొత్తం కాంట్రాక్టుకిచ్చారనుకోండి. కాంట్రాక్టరు టిప్పర్లను ఇంకొకరి దగ్గర అద్దెకు పెట్టాడు, డ్రైవర్లు ఆ మూడో వ్యక్తి మనుషులు. డంపు (ఆ మట్టి పోసే గుట్ట) అంచు నుంచి టిప్పరు బోల్తా పడి డ్రైవరు చనిపోతే "అతను మా మనిషి కాదు" అని గని యాజమాన్యం అనగలదా? ఆ షిఫ్టు ఓవర్‌మన్ (షిఫ్టు పనిని పర్యవేక్షించే గని అధికారి) మీద బాధ్యత ఎంతవరకు వస్తుంది? రెండో ప్రశ్న: చెక్‌లిస్టులో గడులు బోలెడు, అందరూ టిక్కులు కొట్టి వదిలేస్తారు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి ఏవి? ముందు ఏం చూడాలి?

పాతబాయి

అనడానికి వీల్లేదు. గనుల చట్టం 1952లో (2025 నవంబరు దాకా అమల్లో ఉన్నది ఇదే, కొత్త కోడ్ సంగతి చివర చెప్తాను) "యజమాని" నిర్వచనం, అంటే సెక్షన్ 2(1)(ఎల్), ఒకసారి తీసి చదవండి. గనిలో ఏ భాగంలోనైనా పని చేయించే కాంట్రాక్టరుకు యజమానితో సమానంగా చట్టం వర్తిస్తుంది, కానీ దానివల్ల అసలు యజమాని బాధ్యత తప్పదు అని అక్కడే రాసి ఉంది. ఇద్దరూ దొరుకుతారన్నమాట. బాధ్యత ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదికి మారడం లేదు. డ్రైవరు జీతం ఎవరు ఇచ్చారన్నది కూడా అడ్డు రాదు. మేనేజరుకు తెలిసి గనిలో పనిచేస్తే చాలు, అతను గనిలో పనిచేసేవాడే.

ఓవర్‌మన్ సంగతికొస్తే సెక్షన్ 18(5) ముఖ్యం. ఎవరు ఉల్లంఘించినా సరే, పర్యవేక్షణ అధికారులు, మేనేజరు, ఏజెంటు (యజమాని తరఫు ప్రతినిధి), యజమాని కూడా దోషులుగానే లెక్క. తగిన శ్రద్ధ పెట్టామని, ఉల్లంఘన జరగకుండా సహేతుకమైన చర్యలు తీసుకున్నామని నిరూపించుకుంటేనే బయటపడతారు. ఆ నిరూపణ నోటిమాటతో కుదరదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "డంపు అంచున కట్ట లేదు" అని షిఫ్టు రిపోర్టులో రాసి, అదే అంచు మీద షిఫ్టంతా టిప్పర్లు నడిపితే ఆ రాత మిమ్మల్ని కాపాడదు. ప్రమాదం తెలిసి కూడా ఆపలేదనడానికి అదే సాక్ష్యం అవుతుంది. లోపం రాశారంటే దాని కిందే ఎన్ని గంటలకు పని ఆపారు, ఎవరికి చెప్పారు, సరిచేశాక ఎన్ని గంటలకు మొదలైంది అన్నవీ రాయాలి.

ఇంకొకటి. కాంట్రాక్టరు పెట్టుకున్న సూపర్‌వైజరు మీకు బదులు కాడు. చట్టబద్ధమైన సర్టిఫికెట్ లేకుండా, మేనేజరు నియామకపత్రం లేకుండా ఎవరూ ఓవర్‌మన్, సర్దార్ (ఓవర్‌మన్ కింది పర్యవేక్షకుడు) పని చేయకూడదు. టిప్పరు డ్రైవరుకైనా అంతే, ఆర్టీవో లైసెన్సు ఒక్కటే చాలదు, మేనేజరు రాతపూర్వక అనుమతి ఉండాలి.

డంప్ యార్డ్

చట్టం పైన చెప్పారు కాబట్టి నేను క్షేత్రంలో చూడాల్సినవే చెప్తాను. నలభై గడుల్లో నాలుగు నిజంగా చూస్తే చాలు, మిగతావి తర్వాత.

మొదటిది డంపు అంచు. అంచుకు సమాంతరంగా సన్నటి బీటలున్నాయేమో నడిచి చూడాలి, బండిలో కూర్చుని చూస్తే కనపడవు. బీట కనిపిస్తే, లేదా రాత్రి వాన పడి ఉంటే, అంచు దాకా వెనక్కి రానివ్వొద్దు. లోడు కొన్ని మీటర్లు ఇవతలే పోయించి డోజరుతో నెట్టించాలి. డోజరు ఖాళీ లేదంటే ఆ అంచు మూసేయడమే, మరో మాట లేదు. డంపు 30 మీటర్లు దాటితే బెంచీలు (మెట్లు) కట్టాలి, మొత్తం వాలు నిలువు 1కి అడ్డం 1.5 కంటే నిటారుగా ఉండకూడదు. అడుగున నల్లరేగడి, నీళ్లు నిలిచిన నేల ఉంటే పైనున్న లెక్క సరిపోయినా కిందనుంచి జారుతుంది. డంపు పాదం దగ్గర నేల ఉబ్బిందా అన్నది కూడా చూడండి, పైన బీట కంటే ముందే అది కనిపించే సందర్భాలుంటాయి.

రెండోది కట్ట. చుట్టుపక్కల నేల కంటే ఎత్తుగా ఉన్న హాల్‌రోడ్డుకు (గనిలో లోడు బండ్లు తిరిగే దారికి) కట్ట పైన కనీసం 1 మీటరు, అడుగున 2.5 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎత్తు ఆ రోడ్డు మీద తిరిగే అతి పెద్ద బండి టైరు వ్యాసానికి తగ్గకూడదు. తప్పు ఇక్కడ జరుగుతుంది: కాంట్రాక్టరు తన టిప్పరు టైరు చూసి సుమారు 1.1 మీటరు కట్ట పోస్తాడు. అదే రోడ్డులో కంపెనీ 100 టన్నుల డంపరు తిరుగుతుంది, దాని టైరు దాదాపు 2.7 మీటర్లు. డంపు అంచుకు కూడా ఇదే కొలత పెట్టుకోవడం మంచిది. డంపు అంచున కట్టను చూసి డ్రైవరు అంచు తెలుసుకోవాలి, బండిని ఆపుకోవడానికి దాని మీద ఆధారపడకూడదు. చక్రం కట్టను ఒత్తే దాకా వెనక్కి రమ్మని స్పాటర్ (బండికి దారి చూపే మనిషి) చెయ్యి ఊపితే అది స్పాటర్ తప్పే. స్పాటర్ ఎప్పుడూ డ్రైవరు వైపు, అద్దంలో కనిపించేచోట నిలబడాలి, బండి వెనక కాదు.

మూడోది బ్రేకు. రోడ్డు వాలు 16కి 1 (16 మీటర్ల దూరానికి 1 మీటరు ఎత్తు) మించకూడదు, చిన్న ర్యాంపులకు 10కి 1 దాకా. ట్రిప్పుల లెక్కన బత్తా వచ్చే డ్రైవరు డీజిలు మిగులుతుందని లోడుతో న్యూట్రల్‌లో దిగుతాడు. ఎగ్జాస్టు బ్రేకు గేరులో ఉంటేనే పనిచేస్తుంది. న్యూట్రల్‌లో భారమంతా పెడలు బ్రేకు మీదే పడి, డ్రమ్ము వేడెక్కి లైనింగ్ పట్టు పోతుంది. మాటిమాటికీ తొక్కితే బ్రేకు గాలీ అయిపోతుంది. షిఫ్టు మొదట్లో ఇంజిన్ ఆపి, పెడలు తొక్కి నిమిషం పట్టుకోమనండి. గాలి గేజి ముల్లు కళ్లకు కనపడేంతగా దిగుతూ ఉంటే ఆ బండి పక్కన పెట్టాల్సిందే.

నాలుగోది వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం, వెనక కెమెరా. అలారం రాత్రి షిఫ్టులో నిద్రకు అడ్డమని వైరు పీకేస్తారు. రివర్సు గేరు వేయించి చెవితో వినండి.

రెండో షిఫ్టు

వివరంగా చెప్పారు, ధన్యవాదాలు అన్నా. కానీ పని ఆపితే "క్యూబిక్ మీటర్లు తగ్గాయి, జరిమానా పడుతుంది" అని కాంట్రాక్టరు పైవాళ్ల దగ్గరికి వెళ్తాడు. అప్పుడు?

టెండరు కాగితం

సగం ప్రమాదం టెండరులోనే రాసి ఉంటుంది. క్యూబిక్ మీటరుకు ఇంత అని ఒకే రేటు పెడితే నీళ్లు చల్లడం, గ్రేడరు (రోడ్డు చదును చేసే యంత్రం), లైటింగు, కట్టలు అన్నీ కాంట్రాక్టరుకు దండగ ఖర్చే. వాటిని విడి పద్దులుగా రాసి, చేస్తేనే డబ్బివ్వాలి. భద్రత కోసం అధికారి పని ఆపిన గంటలు ఉత్పత్తి లోటు లెక్కలోకి రావని ఒక్క వాక్యం ఉంటే మీ ప్రశ్నే పుట్టదు. రాతపూర్వక అనుమతి లేకుండా సబ్ కాంట్రాక్టు కుదరదనీ, శిక్షణ, వైద్య పరీక్ష పూర్తయి గేట్‌పాస్ ఉన్న డ్రైవర్లు నడిపిన ట్రిప్పులకే బిల్లనీ పెట్టాలి. బిల్లు ఆగితే కాంట్రాక్టరే మనుషుల్ని వీటీసీకి (శిక్షణ కేంద్రానికి) తెస్తాడు. వైద్య పరీక్ష కనీసం అయిదేళ్లకోసారైనా చేయించాలి, ఎన్నాళ్లు ఉంటారో తెలియదని కాంట్రాక్టు కార్మికులకు దాన్ని ఎగ్గొట్టడం చాలా చోట్ల కనిపించే లోపం.

2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లో రాజ్‌మహల్ ఓపెన్‌కాస్టు కూలి 23 మంది చనిపోయారు. ఓబీ కాంట్రాక్టు పనిలో ఉన్నవాళ్లు వాళ్లు. ఆ సంఖ్య గుర్తున్నవాళ్లెవరూ బీట కనిపించాక షిఫ్టు ముగిసే దాకా ఆగుదాం అనరు.

పైవాళ్ల ఒత్తిడి వస్తే ఫోనులో వాదించకండి. "ఫలానా బెంచి దగ్గర ఫలానా లోపం, ఫలానా గంటకు ఆపాను, తిరిగి మొదలుపెట్టమని రాతపూర్వకంగా ఇవ్వండి" అని మెసేజ్ పెట్టండి. రాసిచ్చేవాళ్లు అరుదు. రాసిచ్చినా ప్రమాదం కళ్లముందున్నప్పుడు పని మొదలుపెట్టొద్దు.

పాతబాయి

ఒక చేర్పు. 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 అమల్లోకి వచ్చింది, గనుల చట్టం అందులో కలిసింది. యజమాని, ఏజెంటు ఉమ్మడి బాధ్యత సెక్షన్ 7లో కొనసాగింది. జరిమానా మాత్రం బాగా మారింది. పాత చట్టం సెక్షన్ 72సీ కింద మరణానికి రెండేళ్ల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కోడ్ సెక్షన్ 103లో జైలు అంతే, జరిమానా 5 లక్షలకు తగ్గకూడదు. అందులో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇమ్మని కోర్టు ఆదేశించవచ్చు. కేసుకు ప్రమాదం జరిగిన తేదీనాటి చట్టమే చూస్తారు.

నష్టపరిహారం వేరే. కాంట్రాక్టరు మనిషికైనా ప్రధాన యజమాని దగ్గరే అడగొచ్చు, ఆయన ఇచ్చి కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటాడు. కుటుంబాన్ని ఇద్దరి మధ్య తిప్పడం అన్యాయం.

ప్రమాదం జరిగితే రక్షించడానికి, మరో ప్రమాదం ఆపడానికి తప్ప ఆ చోటును కదిలించొద్దు. టిప్పరు జీపీఎస్ రికార్డు, గేట్‌పాస్ లాగు ఆ రోజే తీసి పెట్టండి, కొన్ని సిస్టముల్లో పాత డేటా మీద కొత్తది ఎక్కేస్తుంది.