షడశ్రి: ఆరు మూలలా, ఆరు అంచులా?

తాటాకు: ఆర్యభటుడి ఆర్యభటీయంలో లెక్కల భాగం గణితపాదం; అందులో త్రిభుజం శ్లోకం సగమే నోటికొస్తోంది. "త్రిభుజస్య ఫలశరీరం సమదలకోటీభుజార్ధసంవర్గః", అంటే సమదలకోటిని సగం భుజంతో గుణిస్తే త్రిభుజ వైశాల్యం. చివర "స ఘనః షడశ్రిరితి", అది ఆరు అశ్రుల ఘనం, అని గుర్తు. మధ్యలో ఏముంది? ఇంకో పీకులాట: త్రిభుజం మీద మొనదేలి లేచిన ఘనానికి, అంటే సూచికి, మూలలు నాలుగే కదా, ఆరెందుకు అన్నాడు? అది శ్రి యా, స్రి యా?

గురులఘువు: "ఊర్ధ్వభుజాతత్సంవర్గార్ధం", ఆ వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం. మాత్రలు లెక్కపెట్టే ఆర్యావృత్తం ఇది, రెండో సగం 27 మాత్రలు, సరిగ్గా సరిపోతుంది. శ్రి అయినా స్రి అయినా ముందక్షరం గురువే, కాబట్టి ఛందస్సు ఈ తగువు తీర్చదు.

యతిభంగం: ఛందస్సు తీర్చకపోతే పాణిని తీరుస్తాడు. అష్టాధ్యాయి 5.4.120 సూత్రంలో "చతురశ్ర" అని శకారంతోనే ఉంది. తెలుగు బడిపుస్తకాల్లో చతురస్రం పాతుకుపోయింది గానీ, అస్రం అంటే నెత్తురు, కన్నీరు కూడా. లెక్కల పరీక్ష రాసి వచ్చినవాడికి ఆ అర్థమే నప్పుతుందేమో.

కర్ణరేఖ: శకారం సరే. అశ్రి అంటే మూలే. "కోణస్తు స్త్రియః పాల్యశ్రికోటయః" అని అమరకోశం, కోణానికి పర్యాయపదాల్లో అశ్రి ఒకటి. ఆరు మూలలున్న ఘనం ఏది? త్రిభుజం అడుగున ఒకటి, పైన ఒకటి ఉన్న పట్టకం. ఆర్యభటుడు చెప్పింది దాని గురించే అని నేనెప్పటినుంచో అంటున్నాను.

గురులఘువు: అంటూనే ఉన్నారు, నిజమే. పట్టకం ఘనఫలం వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చేస్తుంది. మరి "అర్ధం" ఎందుకు?

కర్ణరేఖ: మీ సూచ్యాకారానికి మాత్రం సగం కుదిరిందా? మూడో వంతు కదా రావాలి! బ్రహ్మగుప్తుడు 628లో మూడుతోనే భాగించాడు. సగం ఇద్దరికీ చెల్లదు, దెబ్బ నాకొక్కడికేనా?

గురులఘువు: తలంలో త్రిభుజానికి సగం వచ్చింది గనక ఘనంలోనూ సగమే అనుకుని ఉంటాడు. పొరపాటే, కానీ అది ఎలా పుట్టిందో కనబడుతోంది. పట్టకమైతే ఆ సగానికి పుట్టుకే లేదు.

యతిభంగం: ఇంత దూరం ఎందుకు, మూడు శ్లోకాలు వెనక్కి వెళ్లండి. "సదృశత్రయసంవర్గో ఘనస్తథా ద్వాదశాశ్రిః స్యాత్", మూడు సమాన రాశుల గుణకారం ఘనం, పన్నెండు అశ్రులున్నదీ అదే. సమఘనానికి మూలలు ఎనిమిది, అంచులు పన్నెండు. అశ్రి అంటే అంచే. త్రిభుజం మీద లేచిన సూచికి అడుగున మూడంచులు, శిఖరానికి ఎక్కేవి మూడు, మొత్తం ఆరు. అసలు అమరంలో ఆ పాదం ఉన్నది క్షత్రియవర్గంలో, "ప్రాసస్తు కుంతః" పక్కనే. ఆయుధాల మధ్య దొరికిన మాటకి మూల అనే అర్థమొక్కటే పట్టుకుంటే ఎలా?

తాటాకు: మరి చతురశ్రానికి?

యతిభంగం: దానికి అంచులూ నాలుగే, మూలలూ నాలుగే. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ఘనంలోకి దిగితేనే బండారం బయటపడుతుంది.

మాత్రాగణం: కాళిదాసుని వదిలేశారు. కుమారసంభవంలో యౌవనం వచ్చిన పార్వతి వర్ణన: "బభూవ తస్యాశ్చతురస్రశోభి వపుర్విభక్తం నవయౌవనేన". పార్వతి ఒంటికి అంచులు లెక్కపెడతారా, మూలలా? ఎక్కడా వంక పెట్టడానికి లేని పొందిక అది. మొదటి పాదంలో కుంచె తాకగానే కళ్లు తెరిచిన బొమ్మ! ఆ శ్లోకం దగ్గర ఆగిపోతే ఇంక ఏ లెక్కా ముందుకు కదలదు.

గురులఘువు: ప్రతి దారానికీ కుమారసంభవం ముడి వేయకపోతే మీకు తోచదు. నా పుస్తకంలో చతురశ్రశోభి, శకారం.

మాత్రాగణం: నా దాంట్లో సకారం. తాళం దగ్గరికొస్తే మాత్రం చతురశ్రం, తిశ్రం, రెండూ శకారమే పాడుకుంటాం. తిశ్రం అంటే త్ర్యశ్రమే, త్రిభుజమే! నాట్యశాస్త్రంలో నాటకశాలకీ ఆ పేరుంది.

కర్ణరేఖ: త్రిభుజపు నాటకశాల నేల మీద మూలలు లెక్కపెడతారు గానీ అంచులు కాదు. నా మాట అక్కడ నిలబడుతుంది.

తాటాకు: పోనీ "సమదల", అంటే సమంగా చీల్చేది, దాని సంగతి? 13, 14, 15 భుజాల త్రిభుజంలో 14 మీదికి లంబం 12, వైశాల్యం 84. భూమి, అంటే ఆ 14, మాత్రం 5, 9గా విరుగుతుంది. సమంగా ఏం చీలినట్టు?

యతిభంగం: ఆర్యభటీయానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు సమదలకోటిని లంబమనే తీసుకున్నాడు. నాకు ఆ వ్యుత్పత్తి మింగుడుపడదు.

మాత్రాగణం: అది తర్వాత. త్ర్యశ్రంలో యకారం ఎక్కడ జారిపోయిందో ఎవరైనా చెప్పండి ముందు.