తెల్లవారుజామున వచ్చే కడుపునొప్పి: కారణమేమిటి, దేనితో తగ్గింది?

వంశధార (గుణుపూర్):
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి అరవై దాటాయి. కొంతకాలంగా తెల్లవారుజామున బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు దిగువన మంటతో కూడిన నొప్పి వచ్చి ఆయనకు నిద్ర లేకుండా చేస్తోంది. లేచి ఇంత చోడి అంబలి తాగినా, రెండు బిస్కెట్లు తిన్నా సర్దుకుంటుంది గానీ మరునాడు మళ్లీ అదే వేళకు మొదలవుతుంది. ఇరుగుపొరుగువారు గ్యాస్ అంటున్నారు. మందుల షాపువారిచ్చిన మాత్ర వేసుకున్నన్నాళ్లూ బాగానే ఉండి, మానగానే తిరగబెడుతోంది. మోకాళ్ల నొప్పులకు కూడా ఆయన మాత్రలు వాడుతుంటారు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా వచ్చి ఉంటే, దేనివల్ల అని తేలిందో, ఎలా నయమైందో దయచేసి తెలియజేయండి.

నాగావళి (రాయగడ):
వంశధార గారూ, మా అమ్మగారికి అచ్చం ఇలాగే ఉండేది. కడుపు ఖాళీ అయ్యేసరికి లేచి, ఏదైనా తినగానే తగ్గే నొప్పి అయితే చిన్నపేగు మొదట్లో పుండు ఉందేమో చూడాలని విశాఖపట్నంలో డాక్టరు గారు చెప్పి, ఎండోస్కోపీ చేయించారు. పుండు ఉంది. దానికి కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని తేలింది. పూర్వం పుండ్లకు కారమూ దిగులూ కారణమనుకునేవారట. 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు ఈ సూక్ష్మజీవిని కనిపెట్టాకే అసలు సంగతి బయటపడింది, 2005లో వారికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అమ్మకు 14 రోజులపాటు యాంటీబయాటిక్‌లూ, ఆమ్లాన్ని తగ్గించే మాత్రా కలిపి ఇచ్చారు. నోరంతా చేదుగా ఉందని ఆవిడ మధ్యలోనే మానేయబోతే మేము బతిమాలి పూర్తి చేయించాము. సగంలో ఆపితే ఆ సూక్ష్మజీవి మందులకు లొంగకుండా పోయే ప్రమాదం ఉంది కనుక ఈ విషయంలో ఎంత పట్టుబట్టినా తప్పు లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
నేను మందుల షాపులో పనిచేస్తాను. మీరు చివర్లో రాసిన మోకాళ్ల మాత్రల సంగతే నాకు ముందుగా చూడవలసినదిగా తోస్తోంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కడుపు లోపలి పొరకు ఉండే రక్షణను తగ్గిస్తాయి. పెద్ద వయసువారు వాటిని నెలల తరబడి వాడితే సూక్ష్మజీవితో పని లేకుండానే పుండు పడవచ్చు. సంతలో పొట్లాలు కట్టి అమ్మే కీళ్లనొప్పుల పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు, అలాంటిది వాడుతుంటే వెంటనే మాన్పించండి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో డాక్టరును అడగండి. గుండె కోసం ఆస్పిరిన్ రాసిచ్చి ఉంటే మాత్రం సొంతంగా ఆపకండి.

ఇంకొకటి. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ మాత్రను చాలామంది అన్నం తిన్నాక వేసుకుంటారు. అది ఉదయం తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. అయితే ఆ సూక్ష్మజీవి కోసం శ్వాస పరీక్షో, మల పరీక్షో చేయించాలనుకుంటే రెండు వారాల ముందు నుంచి ఈ మాత్ర ఆపాలి. లేకపోతే జబ్బు ఉండీ లేనట్టు కనిపించవచ్చు. ఎప్పుడు ఆపాలో పరీక్ష రాసే డాక్టరునే అడగండి.

కొండగాలి (జయపురం):
నాన్నగారికి గుడాకు అలవాటు ఉందా? మా వీధిలో పెద్దలు కళ్లు తెరుస్తూనే డబ్బా మూత తీసి, ఆ నల్లటి ముద్దను చూపుడువేలికి అంటించుకుని, అరుగు మీద కూర్చుని చాలాసేపు చిగుళ్లకు రుద్దుకుంటారు. ఊసినంత ఊయగా మిగిలిన ఉమ్మి పరగడుపునే లోపలికి పోతుంది. అందులో ఉన్నది పొగాకే కాబట్టి కడుపులో తిప్పడం, మంట పుట్టడం సహజం. అది లేకపోతే విరేచనం కాదని వాదించేవారికి నేను చెప్పేది ఒకటే: పేగును కదిలించేది నికోటిన్. గోరువెచ్చని నీళ్లు తాగి, రోజూ ఒకే వేళకు కూర్చుని, ఆకుకూరలు ఎక్కువగా తింటే కొద్ది రోజులు ఇబ్బంది పడినా పేగు దారిలో పడుతుంది.

పొత్తికడుపులో మెలిపెట్టి, విరేచనం కాగానే తేలికపడే నొప్పి వేరు. అది మలబద్ధకం వల్లనో, పేగుల అతి సున్నితత్వం వల్లనో వస్తుంది. కొందరికి పాలు పడకపోవడం వల్ల కూడా వస్తుంది, పొద్దున్నే తాగే పాల టీని వారం రోజులు ఆపి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

చిలికతీరం (బరంపురం):
మా బాబుకు తొమ్మిదేళ్లు. బడి ఉన్న రోజునే బొడ్డు చుట్టూ నొప్పి అనేవాడు, ఆదివారం ఉండేది కాదు. వేషాలు వేస్తున్నాడని ఇంట్లో కోప్పడ్డారు గానీ, పిల్లల డాక్టరు గారు ఆ నొప్పి నిజమైనదేననీ, భయం పేగుల మీద ప్రభావం చూపుతుందనీ చెప్పారు. అడగగా అడగగా, బడిలో మరుగుదొడ్డికి వెళ్లలేక బిగబట్టుకుంటున్నాడని తెలిసింది. ఇంటి దగ్గరే పొద్దున తీరిగ్గా వెళ్లేలా లేపడం మొదలుపెట్టాక చాలావరకు తగ్గింది. నులిపురుగుల మాత్ర కూడా వేయించండి. ఏటా ఫిబ్రవరి 10న బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు.

కొండగాలి (జయపురం):
అమ్మా, పిల్లల మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పాలి. మన కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు ఎక్కువ. చలికాలపు ఉదయాల్లో కడుపుతోపాటు ఒళ్లూ కీళ్లూ నొప్పులు పుట్టి, కళ్లు పచ్చబడే పిల్లలకు గ్యాస్ మందు పోస్తూ కాలం గడపకూడదు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ జబ్బుకు రక్తపరీక్ష ఉచితంగానే చేస్తున్నారు.

వంశధార (గుణుపూర్):
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారికి గుడాకు అలవాటు లేదు. మోకాళ్ల మాత్ర మాత్రం రోజూ ఉంది, ఈ రోజు నుంచే ఆపించాను. మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని ఈ వారంలోనే బరంపురం తీసుకెళ్తున్నాను. అంతవరకు వాము, వంటసోడా వంటివి ఇవ్వవచ్చునా? మలం నల్లగా వస్తోందని కూడా నిన్ననే చెప్పారు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
వంటసోడా వద్దు. రక్తపోటు ఉన్నవారికి అందులోని సోడియం మంచిది కాదు. వాము ఉబ్బరానికే గానీ పుండుకు మందు కాదు. మలం సంగతి మాత్రం తేలికగా తీసుకోకండి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా నలుపు వస్తుంది. ఆయన అవి వాడకుండానే తారులా జిగటగా, దుర్వాసనతో వస్తుంటే లోపల రక్తం కారుతోందని అర్థం. అలా ఉంటే వారం ఆగవద్దు, ఈ పూటే బయలుదేరండి. కళ్లు తిరిగినా, రక్తం కక్కినా, నొప్పి ఎడమ చేతికి పాకి చెమటలు పట్టినా బరంపురం దాకా కూడా ఆగకుండా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి 108లో తీసుకెళ్లండి.

వంశధార (గుణుపూర్):
ఐరన్ మాత్రలు వాడటం లేదండీ. ఇప్పుడే బయలుదేరుతున్నాము.